దురద మందు

“సీసా ఇటియ్యి.” ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో హన్నా సిస్టర్ కిష్టప్ప చేతిలోంచి మందు సీసాను వెనక్కి లాక్కుంది. “రెండింటికి షిఫ్టున్నదని ఇప్పుడా చెప్పేది?”

“దురదకు పానం పోతున్నది సిస్టరమ్మా.” కిష్టప్ప మెడ నిండా దద్దుర్లు. డబ్బా మూతలు కొట్టే ప్రెస్సులో రేకులకు పూసే నూనె అతనికి పడదు.

“పడుకునే ముందు రెండు చెంచాలు. అంతే. ఇది మత్తు మందు లెక్క పనిచేస్తది. తాగి మిషన్ కాడికి పోతివా, చేతులు ఇంటికి రావు.”

“మా అవ్వ మీద ఒట్టు. షిఫ్టు దిగినంకనే తాగుత.”

ఆమె ఆ చిన్న సీసా ఇచ్చింది. పోబోతున్నవాణ్ని కూర్చోబెట్టి, గోకితే రక్తం రాకుండా పది వేళ్ల గోళ్లూ కత్తిరించి పంపింది.

ఫ్యాక్టరీ గేటు వెనకాలే కిష్టప్ప ఇల్లు. మొగులమ్మ అన్నం పెడుతూ భర్త మెడ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఒక్క చెంచా తాగరాదు?”

“వద్దే. ప్రెస్సు కింద పెట్టేది నా చేతులు.”

అతను మందు సీసాను గూట్లో పెట్టి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆమె రోజూలాగే చాయ్ సీసాకు గుడ్డ చుట్టి చేతికిచ్చింది.

ప్రెస్సు కింద రేకు పెట్టడం, అచ్చు పడిన డబ్బా మూతను బయటికి తీయడం కిష్టప్ప పని. పెడల్ తొక్కడం పెద్దరాములు పని. కిష్టప్ప “ఊఁ” అంటేనే ఆ కాలు కిందికి దిగాలి. ఎనిమిదేళ్లలో అది ఒక్కసారీ తొందరపడలేదు.

ఆ రోజు పెద్దరాములు ఆవులిస్తున్నాడు.

“ఏందన్నా?”

“బిడ్డకు జొరం. రాత్రంత కన్ను మూయలే.”

కిష్టప్ప ఒకసారి తన చేతుల వైపు చూసుకున్నాడు. చాయ్ సీసా తీసి అతని ఒళ్లో పెట్టాడు. “మొత్తం తాగు.”

“మరి నీకు?”

“నువ్వు మేల్కొని ఉంటే నాకదే చాలు.”

పెద్దరాములు ఒక గుక్క తాగి నవ్వాడు. “చెల్లె చక్కెర గుమ్మరించింది కదరా! పెండ్లయి ఎనిమిదేండ్లయినా నీ మీద గింత ప్రేమనా?” సీసా ఎత్తి చుక్క మిగల్చకుండా తాగాడు.

గంట గడిచింది. ఒక రేకు వంకరగా పడింది. కిష్టప్ప రెండు చేతులూ లోపలికి పెట్టి దాన్ని సర్దుతున్నాడు. “ఊఁ” అనలేదు. పెద్దరాములు తల గుండెల మీదికి వాలింది. కాలు బరువుగా పెడల్ మీద పడింది.

డిస్పెన్సరీలో కిష్టప్ప చేతులకు హన్నా కట్టిన గుడ్డలు కట్టినట్టే ఎర్రబడుతున్నాయి. “తాగినవు కదూ?” అంది ఏడుస్తూ.

“లేదు సిస్టరమ్మా... ఒట్టు... ఒక్క చుక్క కూడ...”

బయట వరండాలో పెద్దరాములును ఇద్దరు కుదుపుతున్నారు. అతను కళ్లు తెరవడం లేదు.

అంతలో వెనక తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. మొగులమ్మ. తెర అవతల ఎవరున్నారో ఆమెకు తెలియదు. ఖాళీ మందు సీసా ముందుకు చాపింది.

“రాత్రికి ఇంకో సీసా ఇయ్యి సిస్టరమ్మా. తాగనని మొండికేసిండు, మొత్తం చాయ్‌ల పోసి పంపిన.” సిగ్గుపడుతూ నవ్వింది. “ఇగ గోక్కుంటలేడు గద?”