చెవిలో అనుభవం

ఆ రోజు వనిత జుట్టు విరబోసుకుని ఆఫీసుకొచ్చింది.

"ఏందే, పెండ్లిచూపులా?" అంది పక్క సీటు సంగీత.

కాదు. ఎడమ చెవిలో ఇయర్‌బడ్ ఉంది. అందులో దినేశ్ సార్ ఉన్నాడు. అమీర్‌పేటలో మూడో అంతస్తు గదిలో కూర్చుని, ఎక్కడెక్కడి ఉద్యోగులకో వాళ్ల ఉద్యోగం చేసిపెడతాడు. వనిత రెజ్యూమెలోని మూడేళ్ల అనుభవం కూడా ఆయన రాసిందే.

ప్రొబేషన్ ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ఈ పంజాగుట్ట ఆఫీసులో వారం రోజులుగా ఒకటే గోల. లైనక్స్ సర్వర్‌లో రిపోర్టులు తీసే ప్రోగ్రాం, వాళ్ల భాషలో జాబ్, మనుషులు నడిపితే నడుస్తుంది. టైముకు పనులు నడిపించే షెడ్యూలర్ నడిపితే మాత్రం మెమరీ చాలక చస్తుంది. కారణం చెబితే ఉద్యోగం ఉంటుంది. లేదంటే బోరబండలో ఇంటికి పోయి, వీధంతా స్వీట్లు పంచిన నాన్నకు చెప్పుకోవాలి.

మేనేజర్ సురేందర్ వనితను లోపలికి పిలిచి గది తలుపు వేశాడు. ల్యాప్‌టాప్ తెరిచి, మేధావిలా చాలాసేపు అందులోకే చూశాడు.

వనిత చెవిలో కీబోర్డు టకటకలాడింది. దినేశ్ సార్ జవాబు వెతుకుతున్నాడనుకుంది.

"సర్వర్‌ల మెమరీ మస్తుంది గదా. జాబ్ ఎందుకు సస్తుంది?" అన్నాడు సురేందర్.

"లిమిట్ సర్వర్‌ది కాదను," అంది చెవి.

"లిమిట్ సర్వర్‌ది కాదు సార్. షెడ్యూలర్‌ది."

మళ్లీ టకటక.

"మొన్ననే పెంచినం గదా?"

"మన లాగిన్‌కు పెంచినం సార్. షెడ్యూలర్ అంతకుముందే స్టార్ట్ అయింది. పాత లిమిటే పట్టుకొని కూసుంది. దాని కింద పుట్టే జాబులకు సుత అదే వస్తది."

తనకు అర్థం కాని మాటలు ఇంత ధీమాగా చెప్పగలనని వనితకే తెలియదు. అర్థమైవుంటే బహుశా గొంతు వణికేది.

టకటక.

"మరేం జేద్దాం?"

"షెడ్యూలర్ సెట్టింగుల్లనే లిమిట్ పెంచి, దాన్ని రీస్టార్ట్ చెయ్యాలె సార్."

సురేందర్ కదలలేదు. తెరనే చూస్తున్నాడు. ముఖంలో ఏ భావమూ లేదు. నిజంగా తెలిసినవాళ్లు ఇలాగే ఉంటారు కాబోలు. దొంగ దొరికిపోయిందనుకుని వనిత జుట్టును ఎడమ చెవి మీదికి ఇంకాస్త లాక్కుంది.

అమీర్‌పేట గదిలో దినేశ్ సార్, పొద్దుట్నుంచీ సురేందర్‌తో తెరిచి ఉంచిన చాట్‌లో చివరి లైను కొట్టాడు: "కరెక్టే చెప్పింది అన్నా, జర మెచ్చుకో, లేకుంటే నీకు సుత తెల్వదని ఆమెకు అనుమానమొస్తది."