టీకాల మనిషి

పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్న కొండబాబు బావ దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు మా చెల్లి నీలమ్మ. దగ్గుతున్నానని నన్నయితే గుమ్మంలోంచే తరిమేసింది.

మర్నాడు తెల్లకోటు, మాస్కు, నల్ల కళ్లజోడు తగిలించుకుని వెళ్లాను.

“టీకాలోల్లమమ్మా. మీ ఆయన్ని సూడాల,” అన్నాను గొంతు మార్చి.

పాపం, దండం పెట్టి మరీ లోపలికి పంపింది.

బావ మంచం మీదికి వంగి మాస్కు దించాను.

“ఏటి బావా ఈ ఏసం? అది సూసిందంటే సీపురు తిరగేత్తాది,” అని పడీపడీ నవ్వాడు. నేనూ దగ్గుతూ నవ్వాను.

“నీకు కరోనా ఓపాలి వొచ్చి పోనాది కదేటి. మల్లీ వొచ్చి నిన్నేటి సేత్తాది?” అన్నాను బావతో.

నా గుట్టు చివరిదాకా నీలమ్మకి చెప్పలేదు బావ. పన్నెండో రోజున పోయాడు.

“ఈ వైరస్ కాస్త మారి వచ్చినట్టుందమ్మా,” అన్నాడు డాక్టరు. “ఒంట్లో కాపలా కాసే టీ కణాలకి పాత రూపమే గుర్తుంది. దీన్ని పోల్చుకోలేకపోయాయి.”

నీలమ్మ నా చేతులు పట్టుకుంది.

“ఆ టీకాలోడు వొచ్చెల్లిన కాడి నుంచే దగ్గు పట్టుకున్నాది అన్నియ్యా. ఆడెవుడో నువ్వే కనిపెట్టాల.”

“కనిపెడతాను సెల్లీ,” అన్నాను.

వాడెలా ఉంటాడని కూడా అడిగాను.