ముట్టుకోనివ్వని మెషీన్

పొద్దున పదకొండింటికి అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరు ఇద్దరికి కబురు పెట్టాడు. ఖాళీ అయిన ఫోర్‌మన్ పోస్టు ఒకటే.

ఒకడు అట్టలు కోసే మెషీన్ నడుపుతాడు. అతన్ని అందరూ మొనగాడు అంటారు. రెండో ఆమె పెట్టెలు అతికించే మెషీన్ మీద ఉంటుంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పని నేర్పుతుందని ఆమెకు పంతులమ్మ అని పేరు పెట్టింది మొనగాడే.

మేనేజరు గది బయటే మొనగాడు అందుకున్నాడు. "ఏం పంతులమ్మా, బడి వదిలేసి వచ్చావా?"

"పిల్లలు చూసుకుంటార్లే తమ్ముడూ."

"చూసుకుంటారు, ఎందుకు చూసుకోరు! ఏకై వచ్చి మేకై కూర్చుంటారు. చేతిలో విద్య పంచిపెట్టుకుంటూ పోతే చివరికి మిగిలేది చిప్పే."

ఆమె వేళ్లకంటిన జిగురు గిల్లుకుంది.

లోపల మేనేజరు ముందు అతన్నే అడిగాడు. "మొన్న జ్వరమొచ్చి పడుకున్నావు కదా, నీ మెషీన్ ఎవరు నడిపారు?"

"ఎవరు నడుపుతారు సార్?" మొనగాడు ఛాతీ విరుచుకున్నాడు. "గుడ్డ కప్పి దండం పెట్టారు. దానికి బ్లేడు బిగించడం తెలిసినవాడు ఈ ఫ్యాక్టరీలో ఇంకొకడు లేడు. నేర్పమని కాళ్లావేళ్లా పడ్డారు. నేర్పితే నా విలువేముంది?"

"నిజమే. నీ కోతలో వంకర నేనెప్పుడూ చూడలేదు."

మొనగాడు పంతులమ్మని ఓరగా చూశాడు. మేనేజరు ఆమె వైపు తిరిగాడు.

"కూతురి పురుడికని వెళ్లావు కదమ్మా. అప్పుడెలా జరిగింది?"

"ఏమీ ఆగలేదు సార్. పిల్లలు నడిపేశారు."

"ఎవరు?"

"ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు."

మొనగాడికి నవ్వు ఆగలేదు. "విన్నారా సార్? తను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనని తన నోటితోనే ఒప్పుకుంది. అదే నేను లేకపోతే? ఫ్యాక్టరీకి కుడిచెయ్యి పడిపోయినట్టే!"

"ఔనౌను, ముమ్మాటికీ నిజం" అని మేనేజరు సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. మొనగాడు చెయ్యి చాచాడు.

"నీక్కాదయ్యా. అమ్మా, తీసుకో. రేపట్నుంచి ఫోర్‌మన్ గదిలో కూర్చో."

మొనగాడి చెయ్యి చాచింది చాచినట్టే ఉండిపోయింది. "సార్... మరి నేను?"

"నిన్నెలా కదుపుతాను? నువ్వు ఈ గదిలోకొచ్చిన దగ్గర్నుంచీ నీ మెషీన్ ఆగే ఉంది. త్వరగా వెళ్లు."