తలాపు చెక్క

పాత చెక్క బీరువా తలుపు ఊడదీసి, రెండు స్టూళ్ళ మీద అడ్డంగా పెట్టి, డ్రైవరు పొద్దున్నుంచీ గరుకు కాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. అది ఎప్పుడో నున్నబడింది. అయినా చెయ్యి ఆగడం లేదు.

పెళ్ళికొడుకు ఉంటున్న అద్దెగది చూసొచ్చినప్పటి నుంచి అతని మనసు మనసులో లేదు. గది చిన్నదే, శుభ్రంగానే ఉంది. కానీ మంచానికి తలవైపు ఏమీ లేదు. వెనక చెమ్మపట్టిన గోడ. పెళ్ళికూతురికేమో దిండు నిలబెట్టుకుని, వెనక్కి వాలి, ఏ వారపత్రికో చదువుకుంటే తప్ప నిద్రపట్టదు. ఆ గోడకి ఆనుకుంటే వీపు గడ్డకట్టుకుపోదూ?

కొత్త మంచం కొనిచ్చే తాహతు లేదు. అందుకే ఉన్నవాటితోనే ఒక తలాపు చెక్క చేసిద్దామని కూర్చున్నాడు. చిరిగిన సోఫాలోంచి స్పాంజి లాగి, ఉతికి ఎండబెట్టాడు. పైన తొడగడానికి భార్య ముదురాకుపచ్చ కర్టెన్ తీసిచ్చింది.

ఇచ్చి ఊరుకోలేదు. మనిద్దరం ఒకర్నొకరు ఇష్టపడి చేసుకుంటే ముచ్చట, ఆమె చేసుకుంటే తప్పా అని దులిపేసింది.

సంబంధం పెళ్ళికూతురే చూసుకుంది. పెళ్ళికొడుకుది గడియారాలు బాగుచేసే కొట్టు. సంగతి బయటపడ్డాక వీధంతా చెవులు కొరుక్కుంది. ఆమె వయసేమిటి, ఈ పెళ్ళేమిటి అని ఒకరు. ఇంట్లో మగాడు ఏం చేస్తున్నాడని ఇంకొకరు. బస్టాండులో తను కనబడగానే తోటి డ్రైవర్లు మాట మార్చేస్తుంటే తల కొట్టేసినట్టయ్యేది.

కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడటమే మానేశాడు. ఆమె అలగలేదు, ఏడవలేదు, అనుకున్నది మార్చుకోనూ లేదు. చివరికి అతనే మెత్తబడ్డాడు. వాచీ ఆగిపోయిందన్న వంకతో ఆ కొట్టుకెళ్ళి, మనిషిని ఎగాదిగా చూసొచ్చాడు. పేరు పెట్టడానికి ఏమీ దొరకలేదు. అదీ ఒక బాధే అయింది.

ఇప్పుడు స్పాంజి మీద గుడ్డ పరిచి, లాగి, చెక్క వెనక మేకులు కొడుతున్నాడు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ముడత. ఆ చిరాకులో సుత్తి బొటనవేలి మీద పడింది.

పెళ్ళికూతురు లోపల్నుంచి వచ్చి, గుడ్డ రెండో కొస బిగించి పట్టుకుంది. నెమ్మదిగా అడిగింది.

“నామీద కోపం పోలేదా నాన్నా?”

“కోపం కాదమ్మా. భయం.”

“ఆయన మంచివాడు.”

“తెలుసు.” మేకు నిలబెట్టాడు కానీ కొట్టలేదు. “డ్యూటీ దిగి వస్తే, తిన్నావా అని అడగడానికి నువ్వుండవు.”

ఆమె తల దించుకుంది. గుడ్డ మాత్రం వదల్లేదు.

పెళ్ళి రిజిస్టరు ఆఫీసులో సంతకాలతో అయిపోయింది. వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. సాయంత్రం డ్రైవరు చెక్కని భుజాన వేసుకుని ఆ గదికి బయల్దేరాడు. పెళ్ళికొడుకు సాయం వస్తానంటే వద్దన్నాడు. మెట్ల మలుపులో చెక్క ఇరుక్కుపోయాక ఇక తప్పలేదు, రెండో కొస అతని చేతికిచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని గోడకి బిగించారు.

ఆమె దిండు పెట్టుకుని వెనక్కి వాలింది.

“బాగుందా అమ్మా?”

“బాగుంది నాన్నా.”

ఇంకొక్క క్షణం ఉంటే ఏడ్చేస్తానని తెలిసి, సామాను సంచీలో పడేసుకుని గబగబా మెట్లు దిగాడు. కింద వాటాలో కొత్తగా దిగిన ఆవిడ అతని తడికళ్ళు చూసి జాలిపడింది. పెళ్ళికూతురు మీకేమవుతుందండీ అని అడిగింది.

“మా అమ్మండీ,” అన్నాడు డ్రైవరు, “నాన్న పోయాక ఇన్నేళ్ళూ ఒంటరిగానే ఉంది.”