మోచెయ్యి

“రీలంతా మంచిగొచ్చింది, ఈ ఒక్కటే ఖరాబైంది అక్కా,” దోహా స్టూడియోలో ఖుత్బుద్దీన్ ఒక ఫొటో పక్కన పెట్టాడు. “చెర్రీ పూలొచ్చినయ్, రైలొచ్చింది. మీ మేడమ్‌ది మోచెయ్యే వచ్చింది.”

జపాన్‌కు వెంట తీసుకెళ్లిన పనిమనిషి రామసుబ్బమ్మ చేతనే మేడమ్ ఫొటోలన్నీ తీయించుకుంది.

“చూస్తే తిడ్తది అక్కా. కెమెరా జారిందని చెప్పు.”

“జార్లేదు. నేనే జరిపినా.”

“అరే, ఎందుకు?”

“ఏ చెట్టుకాడ చూసినా, ఏ రైలుకాడ చూసినా ఆయమ్మే అడ్డం. పూలల్లో రైలు పోతాంటే నేను చూడగూడదా?”

బయట మేడమ్ కారు హారన్ మోగింది. ఖుత్బుద్దీన్ కంగారుగా ఫొటోను చెత్తబుట్టలో వేయబోయాడు. రామసుబ్బమ్మ లాక్కుంది.

“హారన్ కొట్టుకోనీ. దీన్ని పెద్దది చెయ్. ఆ మోచెయ్యి గూడా కోసెయ్.”