జేబులో ఫ్యూజు

లింబాయత్‌లో మరమగ్గాల షెడ్డు మూశాక, సెకండ్‌హ్యాండ్‌లో కొని తానే బాగుచేసుకున్న మల్టీమీటరును పరీక్షకు పెట్టాడు ఎలక్ట్రీషియన్ నరహరి. గోడ ప్లగ్గులో అదీ, తన పాత మీటరూ ఒకే అంకె చూపాయి. ఇక కరెంటు లేనిచోట సున్నా సరిగ్గా చూపుతుందో లేదో తేలాలి. మూలనున్న మగ్గం ఫ్యూజు పీకి, ఎవరూ తిరిగి పెట్టకుండా, అలవాటుగా చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ మగ్గం మోటారు తీగల మీద పాత మీటరు సున్నా చూపింది. బాగుచేసిన మీటరు మాత్రం ప్లగ్గులో చూపిన అంకెనే మళ్లీ చూపింది.

"దీని రోగం ఇంక పోలే," అని గొణిగాడు నరహరి.

టార్చి పట్టుకున్న వాచ్‌మన్ సోమలింగం వెనక్కి జరిగాడు. "ముట్టకు తమ్మీ. గా పాతదే ఖరాబైందేమో."

"ఫ్యూజు నా తాననే ఉన్నదన్నా. కరెంట్ ఏడికెల్లి వస్తది?"

అంటూనే తీగ వైపు చెయ్యి చాపాడు. మగ్గం ఒక్కసారి టక్కుమంది. చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఏ చప్పుడూ లేదు.

అప్పుడు నరహరికి గుండె దగ్గర చురుక్కుమంది. జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అక్కడే ఉంది.

కాలిపోతోంది.