జోలకు జవాబు

"పొద్దుగూకాక ఈల వేయొద్దన్నానా?" గిన్నెలు కడుగుతున్న ఇల్కా మీద అత్త యూడోసియా విసుక్కుంది.

"పాపకి జోల అత్తయ్యా, దానికీ భయమేనా?"

"ఇక్కడ ఈలకి జవాబొస్తుందే తల్లీ."

పెళ్ళయి హంగరీ నుంచి అమెజాన్ ఒడ్డుకు వచ్చిన ఇల్కాకు ఈ ఊరి భయాలు ఇంకా అంటలేదు. పాప కోసం తానే కట్టిన జోలను పంతం కొద్దీ మళ్ళీ ఈల వేసి, సగంలో ఆపింది.

కప్పలు మూగబోయాయి. మిగతా సగం నది మీద నుంచి వినిపించింది, ఒక్క తప్పు లేకుండా. మరుక్షణం ఇంటిని నేలకి ఎత్తుగా నిలబెట్టిన గుంజల మధ్య నుంచి.

భోజనాల దగ్గర యూడోసియా కొడుకుతో చెప్పింది. "రేపటి పడవలో పాపని తీసుకుని వెళ్ళిపో."

"మరి నేను?" అంది ఇల్కా.

ఆమె పళ్ళెంలో చేప ముక్క వేసింది అత్త. "నువ్వు ఇక్కడే ఉండాలమ్మా. అది నీ ఈల నేర్చుకుంది. నువ్వెక్కడుంటే అక్కడికే వస్తుంది."